ఒకటో తారీకు పొద్దున్న సంగతి: ఉద్యోగ, ఉపాధ్యాయ సంఘాలకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉద్యోగ, ఉపాధ్యాయ సంఘాల రాష్ట్ర, జిల్లా నాయకులకు నమస్కారం.

మీ సంఘం సభ్యులెవరైనా రిటైరై దిగిపోతున్నారంటే ఏడాది ముందు నుంచే మీరు రంగంలో ఉంటారు. సర్వీసు రిజిస్టర్‌లో ఖాళీలు పూరించాలి, సంపాదిత సెలవు లెక్క తేలాలి, నో డ్యూస్ రావాలి, పెన్షన్ ప్రతిపాదనలు ఏజీ (అకౌంటెంట్ జనరల్) ఆఫీసుకు కదలాలి. ఏ కాగితం ఏ సెక్షన్‌లో ఆగిందో, ఎవరికి ఫోన్ చేస్తే కదులుతుందో మీకు కంఠతా వచ్చు. ఆఖరి రోజు సాయంత్రం సన్మాన సభకూ లోటు రానివ్వరు. శాలువా, గజమాల, దంపతులకు బట్టలు, వెనకాల ఫ్లెక్సీ మీద ‘శేష జీవితం ఆయురారోగ్యాలతో గడపాలని’ అన్న అచ్చు. (శేషమంటే భాగహారంలో మిగిలిపోయేది. ఆ ఒక్క మాట మార్పించండి, పుణ్యం ఉంటుంది.)

మర్నాడు ఒకటో తారీకు. తొమ్మిదింటికల్లా స్నానం అయిపోయింది, టిఫిన్ అయిపోయింది, పేపరు రెండుసార్లు చదవడం అయిపోయింది. ఆ తర్వాత ఏమిటన్నది మాత్రం సంఘం అజెండాలో ఎప్పుడూ ఉండదు. ఈ లేఖ దాని గురించే. కమ్యుటేషన్, గ్రాట్యుటీల వంటి డబ్బు లెక్కల జోలికి ఇందులో పోవడం లేదు, అవి మాకంటే మీకే బాగా తెలుసు.

మా కోరిక ఒక్కటే. రిటైరయ్యే ప్రతి సభ్యుడినీ, సభ్యురాలినీ భార్య లేదా భర్తతో సహా మూడుసార్లు కూర్చోబెట్టండి. రెండేళ్ల ముందు ఒకసారి, ఆరు నెలల ముందు ఒకసారి, రిటైరైన తొంభయ్యో రోజు ప్రాంతంలో ఒకసారి. ఈ మూడింట్లో అన్నిటికన్నా ముఖ్యమైనది మూడోది. అందరూ వదిలేసేదీ అదే.

ఇది ఇప్పుడు మరింత అవసరం. తెలంగాణలో 2021 మార్చిలో రిటైర్మెంట్ వయోపరిమితి 58 నుంచి 61కి పెరిగింది. ఆంధ్రలో 2022 జనవరి నుంచి 60 కాస్తా 62 అయింది. దాంతో తెలంగాణలో మూడేళ్లు, ఆంధ్రలో రెండేళ్లు వయసు నిండి దిగిపోయినవాళ్లే దాదాపు లేరు. 2024 నుంచి రిటైర్మెంట్లు మళ్లీ మొదలయ్యాయి. వయసు పెరిగితే జీతం పెరిగిందని సంతోషించాం గానీ, విశ్రాంతికి మిగిలిన ఓపిక అంతమేరకు తగ్గిందన్న లెక్క వేయలేదు. పైగా మన తరంలో చాలామందికి సర్వీసు రిజిస్టర్‌లో ఉన్నది బళ్లో పంతులుగారు వేసిన పుట్టినరోజు. బళ్లు తెరిచేది జూన్‌లో కాబట్టి ఐదేళ్లు నిండినట్టు వెనక్కి లెక్కగట్టి జూన్ అనో జూలై అనో రాసేశారు. ఒకటో తారీకున పుట్టినవారు నిబంధన ప్రకారం అంతకుముందు నెల ఆఖరి రోజునే దిగిపోవాలి. మే 31న, జూన్ 30న ఊరంతా ఫ్లెక్సీలు కనిపించేది అందుకే. కాగితం మీద 62 ఉన్న మనిషి ఒంట్లో 63, 64 ఉండొచ్చు. పరీక్షలు ఒంటిని బట్టి చేయించాలి గానీ రిజిస్టర్‌ను బట్టి కాదు.

మొదటి సిట్టింగ్‌లో ఉపన్యాసం వద్దు. పన్నెండు జంటలు, ఇరవై నాలుగు కుర్చీలు, గుండ్రంగా. మైకు వద్దు, డయాస్ వద్దు. ప్రతి ఒక్కరికీ ఒక కాగితం ఇచ్చి పోయిన వారం ఏ రోజు ఏ గంటలో ఎక్కడున్నారో, ఎవరితో మాట్లాడారో రాయమనండి. భార్యాభర్తలు విడివిడిగా రాయాలి. రాసిన దాంట్లో ఆఫీసు వల్ల జరిగినవన్నీ కొట్టేయమనండి. క్యాంటీన్‌లో టీ, స్కూటర్ మీద వెనక కూర్చునే సహోద్యోగి, జీతాల బిల్లు పెట్టే అధికారి (డీడీవో) మీద విసుగు, బస్సులో రోజూ ఎదురయ్యే కండక్టర్, అన్నీ పోతాయి. మిగిలినవి చూస్తే చాలామంది మగవాళ్ల కాగితంలో ఇల్లు, టీవీ, గుడి తప్ప వేరే మనిషి పేరు ఉండదు. ఆడవాళ్ల కాగితంలో పేర్లు ఎక్కువ ఉంటాయి, సొంత గంటలు మాత్రం తక్కువ ఉంటాయి. ఎవరికి ఏది కొరతో ఆ కాగితమే చెప్తుంది.

ఆ కొరత తీరడానికి మేం చెప్పే కొలత ఇది. వారంలో మూడు పూటలు ఇల్లు దాటి వెళ్లే పని ఉండాలి. అందులో కనీసం ఒకటి, మనం వెళ్లకపోతే ‘ఏం సార్, రాలేదు?’ అని ఎవరో ఒకరు ఫోన్ చేసేది అయ్యుండాలి. వాకింగ్ లెక్కలోకి రాదు, ఒంటరిగా చేసే వాకింగ్ అసలే రాదు. శాఖా గ్రంథాలయంలో వారానికి రెండు పూటలు పిల్లల చేత చదివించడం వస్తుంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో పారా లీగల్ వాలంటీర్‌గా చేరడం వస్తుంది. ఆ పథకంలో రిటైరైన ఉపాధ్యాయులనూ ప్రభుత్వోద్యోగులనూ తీసుకుంటారు, శిక్షణ కూడా వాళ్లే ఇస్తారు. మీ సంఘం ఆఫీసులోనే పెన్షనర్ల కాగితాలు నింపిపెట్టే బల్ల కూడా వస్తుంది. ఒప్పుకునేటప్పుడు ఆరు నెలల గడువు పెట్టుకోమనండి. మొదటి నెల ఉత్సాహంలో గుడి కమిటీ, కాలనీ సంఘం, కుల సంఘం అన్నిటికీ తలూపి, నాలుగో నెలకు అన్నిటి నుంచీ గొడవపడి బయటికి రావడం మామూలుగా జరిగేదే. కారణం ఒకటే, పని లేని పదవి తీసుకోవడం. గౌరవాధ్యక్షుడికి గౌరవం ఉంటుంది, పొద్దుపోదు. ఇంకో సంగతి: అపార్ట్‌మెంట్ సంఘంలో వాచ్‌మన్‌కు మెమో ఇచ్చే అలవాటు ఆఫీసులోనే వదిలేసి రమ్మనండి.

రెండో సిట్టింగ్, ఆరు నెలల ముందు, పూర్తిగా చేసి తీరాల్సిన పనులది. మొట్టమొదట ఫోన్ నంబరు. శాఖ ఇచ్చిన సీయూజీ సిమ్‌నే పదేళ్లుగా అన్నిటికీ వాడుతున్నవాళ్లు కోకొల్లలు. దిగిపోయే రోజు ఆ సిమ్ వెనక్కి ఇవ్వాలి, మర్నాటి నుంచి అది తర్వాతి అధికారి జేబులో ఉంటుంది. ఓటీపీలన్నీ ఆయనకు వెళ్తాయి. అందుకని కనీసం మూడు నెలల ముందే సొంత సిమ్ తీసుకోవాలి. మార్చే వరుస కూడా ముఖ్యం. ముందు ఆధార్‌లో మార్చాలి. తర్వాత బ్యాంకు. ఆ తర్వాత ఆదాయపు పన్ను ఖాతా, గ్యాస్, కరెంటు, బీమా. చాలాచోట్ల ఆధార్ ఓటీపీ అడుగుతారు గనుక తలకిందులుగా మొదలుపెడితే మధ్యలో ఇరుక్కుంటారు. వాట్సాప్‌లో నంబరు మార్చుకునే ఏర్పాటు సెట్టింగ్స్‌లోనే ఉంది, పాత సిమ్ చేతిలో ఉండగానే అది వాడితే మాటలూ గ్రూపులూ కొత్త నంబరుకు వచ్చేస్తాయి. ఆఫీసు గ్రూపుల నుంచి మాత్రం నాలుగు మంచి మాటలు రాసి తనంతట తాను బయటికి రావాలి. ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషికి, రాత్రి పదింటికి అడ్మిన్ తన పేరు తీసేసినట్టు కనబడే ఆ చిన్న బూడిద రంగు వాక్యం చాలా గట్టిగా తగులుతుంది.

నంబరుతో పాటు అప్పగింత కాగితం. ఏ ఫైలు ఎక్కడుందో, ఏ కేసు ఏ కోర్టులో ఏ దశలో ఉందో రెండు పేజీల్లో రాసి తర్వాతి వారికి సంతకం పెట్టించి ఇవ్వాలి. ఇది ఆఫీసు మేలు కోసమని అనుకుంటారు గానీ నిజానికి దిగిపోయేవారి మనశ్శాంతి కోసం. అది లేకపోతే రోజూ ఫోన్లు వస్తాయి. మొదట్లో ఆ ఫోన్లు బాగుంటాయి, ‘నేను లేకపోతే అక్కడ గడవడం లేదు’ అనిపిస్తుంది. రెండు నెలలకు అవి ఆగిపోతాయి. ఆగిపోయిన రోజు పాత ఆఫీసుకు వెళ్లి కూర్చోవాలనిపిస్తుంది. మూడు నెలలు అటు వెళ్లొద్దని చెప్పండి. తన కుర్చీలో ఇంకొకరు కూర్చుని పనిలో ఉంటే, అటెండర్ సగం లేచి మళ్లీ కూర్చుంటే, తప్పు ఎవరిదీ కాదు. అయినా ఇంటికొచ్చి అన్నం సయించదు.

ఇక వంటిల్లు. కాపురాల్లో కలతలు మొదలయ్యేది ఎక్కువగా ఇక్కడే. పదకొండింటికి ఇల్లు సర్దుకుని కాసేపు నడుం వాల్చే గృహిణికి, ఆ గంటలో ‘ఓ కాఫీ’ అన్న పిలుపు ముప్పై ఏళ్లలో ఎప్పుడూ రాలేదు. ఇప్పుడు రోజుకు నాలుగుసార్లు వస్తుంది. దానికి తోడు సూపరింటెండెంట్ తనిఖీ: ఫ్రిజ్ తెరిచి ఈ కొత్తిమీర ఎప్పటిది, ఈ లైటు ఎందుకు వెలుగుతోంది, పనమ్మాయి ఇవాళ పది నిమిషాలు ఆలస్యమేమిటి. ‘నేనూ సాయం చేస్తాను’ అంటే సమస్య తీరదు. సాయమంటే పని ఆమెదే అని అర్థం. ఒక పనిని మొదటినుంచి చివరిదాకా తీసేసుకోవాలి. ఉదాహరణకు పొద్దుటి టిఫిన్. ఇడ్లీ అనుకుంటే ఒక గ్లాసు మినపగుళ్లకు రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ. గుళ్లు నాలుగైదు గంటలు నానాలి. రవ్వ వేరుగా నానబెట్టి, నీళ్లు పిండేసి కలపాలి. గుళ్లు రుబ్బేటప్పుడు నీళ్లు కొంచెం కొంచెంగా పోయాలి, ఒకేసారి గుమ్మరిస్తే పిండి గుల్లబారదు. రాత్రంతా, అంటే ఎనిమిది గంటలు పైగా పులియాలి. చలికాలంలో ఇంకాస్త పడుతుంది. మినపగుళ్లు అయిపోతున్నాయని గుర్తు పెట్టుకోవడం, గ్రైండర్ కడగడం, ఇడ్లీ పాత్రలో అడుగంటిన నీటి మరక తోమడం కూడా ఆ పనిలో భాగాలే. పిండి రుబ్బి గ్రైండర్ వదిలేసి వస్తే పని తీసుకున్నట్టు కాదు.

అదే ఆరు నెలల్లో ఎదురు బాకీ కూడా తీరాలి. బ్యాంకుకు వెళ్లడం, ఏటీఎం వాడటం, గ్యాస్ బుక్ చేయడం, కరెంటు బిల్లు కట్టడం ఎప్పుడూ చేయని వారు ఇంట్లో ఎవరైతే వాళ్లే నెలపాటు చేయాలి. పక్కన నిలబడి చూపించొద్దు, చేయనివ్వాలి. ఇద్దరిలో ఒకరే మిగిలే రోజు ఒకటి వస్తుంది, దానికి తయారు కావడం అపశకునం కాదు. ఒక తెల్లకాగితం మీద పీపీవో (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు) నంబరు, లాకరు తాళం ఎక్కడుందో, గ్యాస్ కన్స్యూమర్ నంబరు, కరెంటు సర్వీసు నంబరు, ఇద్దరి రక్తం గ్రూపులు, వేసుకునే మందులు, చూసే డాక్టరు పేరు రాసి, నకలు ఒకటి పిల్లల దగ్గర, ఒకటి బీరువా తలుపు లోపల అంటించాలి. ఏటా జనవరిలో తిరగరాయాలి.

ఉద్యోగం చేసిన ఆడవాళ్ల సంగతి వేరే. వాళ్లకు ఖాళీ అన్న బాధ కన్నా, వాళ్లు ఖాళీ అయ్యారని ఇంటిల్లిపాదీ అనుకోవడం పెద్ద బాధ. మొదటి నెలలోనే ‘ఇంట్లోనే ఉంటావుగా’ అని వంటమనిషిని మాన్పిస్తారు. రెండో నెలకు మనవడి స్కూలు, మామగారి ఆసుపత్రి వచ్చి చేరతాయి. కనీసం ఆరు నెలలు పనమ్మాయినీ వంటమనిషినీ మాన్పించవద్దని రెండో సిట్టింగ్‌లో భర్త ఎదుటే చెప్పండి. రోజులో రెండు గంటలు ఆవిడవి, ఏ రెండో ముందే నిర్ణయించుకోవాలి. సభలో పదిమంది వింటుండగా అన్న మాటకు ఇంట్లో అన్న మాట కంటే విలువ ఎక్కువ. మంచిదో చెడ్డదో గానీ మన ఇళ్లలో అంతే.

ఒంటి గురించి డాక్టర్లు చెప్పేది మీరు ఎలాగూ చెప్పిస్తారు. ఒక్క మనవి: కార్పొరేట్ ఆసుపత్రి వారిని పిలిస్తే చివరికి ప్యాకేజీ కరపత్రాలు పంచి వెళ్తారు. దాని బదులు ఒక కుర్చీ చాలు. సుమారు 17 అంగుళాల ఎత్తున్న, చేతులు లేని గట్టి కుర్చీని గోడకు ఆనించి, చేతులు గుండెల మీద కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. 60 నుంచి 64 ఏళ్ల మగవాళ్లు 14 కంటే, ఆడవాళ్లు 12 కంటే తక్కువ చేస్తే కాళ్లలో బలం తగ్గింది, పడిపోయే ప్రమాదం ఎక్కువ అని అర్థం. మోకాళ్ల నొప్పి ఉన్నవారిని బలవంతం చేయొద్దు, పక్కన ఒకరు నిలబడాలి. నడక ఒక్కటే సరిపోదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాల నడకలాంటి శ్రమ, దానితో పాటు రెండు రోజులు కండరాల వ్యాయామం. 65 దాటాక మూడు రోజులు నిలకడకు సంబంధించినవి కూడా కలపాలి.

పడటం అంటే మన ఇళ్లలో స్నానాల గది. దీన్ని ఉద్యోగంలో ఉండగానే బాగు చేయించడం మేలు. కమోడ్ పక్క గోడకు నేల నుంచి 33 నుంచి 36 అంగుళాల ఎత్తులో స్టీలు కడ్డీ అడ్డంగా పెట్టించాలి. పిడికిట్లో ఇమిడే లావు, ఒకటిన్నర అంగుళం దాకా ఉండొచ్చు. గోడకూ కడ్డీకీ మధ్య ఖాళీ ఒకటిన్నర అంగుళం. టైలు మీద అంటించేవి, గాలి పీల్చి పట్టుకునే రబ్బరు మూతలవి కొనొద్దు, తడికి ఊడొస్తాయి. యాంకర్ బోల్టు టైలు దాటి ఇటుకలోకి దిగాలి. బోలు ఇటుక గోడైతే మేస్త్రీకి ముందే చెప్పాలి, దానికి బిగింపు వేరు. బిగించాక నిండు మనిషి ఒకరు వేలాడి చూడాలి. తువ్వాలు ఆరేసే కడ్డీని పట్టుకుని లేవడం అలవాటుంటే ఆ రోజే మానేయాలి. తలుపు లోపలికి తెరుచుకునేదైతే పడ్డ మనిషి దాని వెనకే అడ్డంగా ఉంటారు, బయటివారు నెట్టలేరు. తలుపు బయటికి తిప్పించాలి, లేదా బయటినుంచి తీయగల గడియ పెట్టించాలి. గుమ్మం దగ్గర రెండంగుళాల దిగుడు ఉంటే పసుపు గీత వేయించి రాత్రి దీపం పెట్టాలి. ప్యాంటు, లంగా కూర్చునే తొడుక్కోవాలి. చెవులు కూడా పరీక్ష చేయించాలి. టీవీ శబ్దం మీద రోజూ గొడవ అవుతుంటే అది స్వభావం కాదు, వినికిడి. వినబడని మనిషి నలుగురిలోకి రావడం మానేస్తారు, ఇంట్లోవాళ్లు దానికి ‘ముభావం’ అని పేరు పెడతారు.

సొంతూరు వెళ్లిపోదామనుకునేవారు ముందు పట్నం ఇల్లు అమ్మకూడదు. ఊళ్లో అద్దెకు ఒక నెల మే ఎండల్లో, ఒక నెల వానల్లో ఉండి చూడాలి. రాత్రి రెండింటికి గుండెనొప్పి వస్తే ఆసుపత్రికి ఎంతసేపు, బండి ఎవరిది అన్నది లెక్కేసుకోవాలి. తోటివాళ్లలో ఎంతమంది మిగిలారో పేర్లు రాసుకోవాలి. గుర్తున్నది నలభై ఏళ్ల నాటి ఊరు, వెళ్లేది ఇప్పటి ఊరికి.

పిల్లలు అమెరికాలో ఉంటే మనవల కోసం పిలుపు తప్పదు. సందర్శక వీసా మీద వెళ్తే విమానాశ్రయంలో ఇచ్చే గడువు సాధారణంగా ఆరు నెలలు. వీసా మీద పదేళ్లున్నా ఉండగలిగేది ఆ గడువు వరకే. బయల్దేరే ముందే తిరుగు టికెట్ తారీకు, ఇంట్లో ఏ గంటలు తమవి, వారానికి ఒకసారి గుడికో తోటివాళ్ల దగ్గరికో ఎవరు తీసుకెళ్తారన్నది మాట్లాడుకోవాలి. కారు నడపలేనివారికి అక్కడ గుమ్మం దాటడం మన ఊళ్లోలా సులువు కాదు. మందులు మొత్తం కాలానికి సరిపడా, డాక్టరు రాసిన చీటీలో మందు అసలు పేరుతో సహా, చేతిసంచిలోనే ఉండాలి. ముందే ఉన్న జబ్బులకు ప్రయాణ బీమాలో ఎంత వర్తిస్తుందో కొనే ముందే చదవాలి.

ఆస్తి పంపకాల ఒత్తిడి కూడా మొదటి ఏడాదిలోనే వస్తుంది. అది డబ్బు సంగతి కాదు, మనసు సంగతి, అందుకే రాస్తున్నాం. పిల్లలకు ఇల్లు రాసిచ్చేవారు తమను చూసుకోవాలన్న షరతు దానపత్రంలోనే రాయించాలి. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షన్ కింద, ఆ షరతు తప్పితే దస్తావేజును రద్దు చేయించుకునే వీలుంది. షరతు కాగితంలో లేకపోతే పోరాటం కష్టం.

ఇక మూడో సిట్టింగ్. మొదటి నెల సెలవులా గడుస్తుంది: తిరుపతి, కాశీ, చుట్టాలు, ఇంటి సున్నాలు. రెండో నెల అలవాటు మీద గడుస్తుంది. ఖాళీ ఏమిటో తెలిసేది మూడో నెలలో. ముందు రెండు సిట్టింగుల్లో వాళ్లు చెప్పినవన్నీ ఊహలు, తొంభయ్యో రోజున చెప్పేవి అనుభవాలు. సరిగ్గా అప్పటికి వాళ్లు సంఘం సభ్యుల జాబితాలో ఉండరు, చందా ఆగిపోయింది గనుక ఫోన్ జాబితా నుంచి కూడా పోతారు. ఒక ఏడాది వాళ్ల పేర్లు తీయకండి. ఆ రోజు పాత గంటల కాగితం మళ్లీ చేతికిచ్చి తిరిగి రాయమనండి. రెండు వారాలకు మించి నిద్ర చెదిరినా, గడ్డం గీయడం, స్నానం వాయిదా పడుతున్నా, పగటిపూట మందు తాగడం మొదలైనా భార్యో భర్తో చెప్తారు, పక్కకు పిలిచి అడగండి. మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416, తెలుగులోనే మాట్లాడొచ్చు. వృద్ధుల సహాయవాణి 14567. రెండూ ఉచితం. ‘ఇంక ఎందుకు బతకడం’ అన్న మాట వినబడితే తేలిగ్గా తీసుకోకండి, ఆ రోజే ఎవరైనా తోడు వెళ్లి డాక్టరుకు చూపించండి.

ఖర్చు గురించి అడుగుతారేమో. సంఘ భవనంలో హాలు, టీలు, జిరాక్సులు, అంతే. చెడిపోయేది వేరే చోట. సిట్టింగ్ పనిదినాన పెడితే జంటలో రెండోవారు రారు, కాబట్టి ఆదివారం పొద్దున తొమ్మిదిన్నర నుంచి పన్నెండున్నర వరకు పెట్టండి. వెనక వరసలో చిట్‌ఫండ్, బీమా ఏజెంట్లు చేరతారు, వాళ్లను గేటు దగ్గరే ఆపండి. సంఘం ఎన్నికల నెలలో అసలు పెట్టకండి. పిలుపు మాత్రం ఉద్యోగితో చెప్పి పంపొద్దు. చాలామంది ఇంట్లో చెప్పరు, ‘మా ఆవిడకు వీలు కాలేదండీ’ అని ఒక్కరే వస్తారు. ఇంటి నంబరుకు మీరే ఫోన్ చేసి, ‘అమ్మా, మీరు తప్పకుండా రావాలి’ అని ఆవిడతోనే చెప్పండి.

ఇట్లు,
రిటైర్మెంటుకు ముందూ తర్వాతా ఉద్యోగ కుటుంబాలతో కూర్చుని మాట్లాడే పనిలో ఉన్న కొందరం